పెట్టే చెయ్యి ఎవరి మాట వినాలి?

ఒంగోలులో ఒక బాప్టిస్టు సంఘం. ఈ ఏడు కొత్తగా ఔట్‌రీచ్ విభాగం పెట్టాలని పెద్దలు అనుకున్నారు. సొంతంగా ఆశ్రమమో ఆసుపత్రో కట్టే ఉద్దేశం వాళ్లకు లేదు. ఊళ్లో అప్పటికే నడుస్తున్న వృద్ధాశ్రమానికీ, పిల్లల హోముకీ, బ్లడ్ బ్యాంకుకీ సంఘస్థులను వంతులవారీగా పంపడం వాళ్ల ఆలోచన. ఆ బాధ్యత తలకెత్తుకున్న అత్త ప్రభుత్వాసుపత్రిలో హెడ్‌నర్సుగా చేసి రిటైరయింది, స్త్రీల సమాజానికి కార్యదర్శి. మేనల్లుడు ఊరి చివర ఒక ట్రస్టు నడిపే వృద్ధాశ్రమంలో మేనేజరు. అదే సంఘంలో పెరిగాడు, ఇప్పటికీ ఆదివారం ఆరాధనకు వెళ్తాడు. ఇద్దరూ కల్పితపాత్రలే. వాళ్లు వాదించుకునే సంగతులు మాత్రం కోస్తాలో ఏ చర్చి ఆవరణలో నిలబడ్డా వినబడతాయి.

అత్త: పేర్లు రాసుకొచ్చాను అల్లుడూ. మీ ఆశ్రమానికి బుధవారం ఇద్దరు, శనివారం ఇద్దరు. ఎన్నింటికి రమ్మంటావో చెబితే ఆదివారం ప్రకటనల్లో చదివించేస్తా.

అల్లుడు: వద్దంటే?

అత్త: వద్దనడానికి నీకు నోరెలా వస్తుంది? పోయిన నెలేగా మనుషులు చాలట్లేదని మీ అమ్మ దగ్గర మొత్తుకున్నావు!

అల్లుడు: పనిచేసే మనుషులు చాలట్లేదన్నాను. చూసిపోయే మనుషులకు కరువేం లేదు. డిసెంబరులో ఒక్కసారి మా గేటు దగ్గర నిలబడు. సెమీ క్రిస్మస్‌లు మొదలైన దగ్గర్నుంచి రోజుకో సంఘం. వచ్చిన ప్రతివాళ్లూ దుప్పట్లే తెస్తారు. మంచాల కింద దుప్పట్లు గుట్టలుపడి ఉంటాయి, ఫిబ్రవరికల్లా డైపర్లు కొనడానికి డబ్బుండదు. పెద్దవాళ్లు కునుకు తీసే వేళకు గిటార్లు, డోలకులు, కేకు కోయడాలు. శనివారం ఒంటిపూట ఉండే మామ్మ చేతిలో చికెన్ బిర్యానీ పొట్లం పెట్టి ఫోటో దిగుతారు. ఆవిడ కిక్కురుమనదు. అంటే రేపు మరెవరూ రారేమోనని భయం.

అత్త: అందర్నీ ఒకే గాటన కట్టకు. డిసెంబరు హడావుడిని పన్నెండు నెలలకూ పంచడానికే ఈ విభాగం పెడుతున్నది. బ్లడ్ బ్యాంకు సంగతే తీసుకో. పండగపూట వంద మంది వరసలో నిలబడి రక్తమిస్తారు. తీసిన రక్తం నిల్వ ఉండేది 35 రోజులు, ఆ తర్వాత పారబొయ్యాల్సిందే. మే నెలలో కాలేజీలు మూస్తే ఇచ్చే కుర్రాళ్లు ఊళ్లో ఉండరు. తలసీమియా పిల్లలకేమో రెండు మూడు వారాలకోసారి ఎక్కించి తీరాలి. ఒక్కరోజు వంద మంది కంటే నెలకు పది మంది చొప్పున ఏడాది పొడుగునా ఇస్తేనే ఆ పిల్లలకు మేలు. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వచ్చు. ఎవరి వంతు ఎప్పుడో రాసిపెట్టుకుని, ఫోను చేసి, రాకపోతే ఇంటికెళ్లి అడిగే మనిషి కావాలి. ఆ ఏర్పాటు సంఘానికి ఎప్పట్నుంచో ఉంది. ఒక ఆదివారం నువ్వు కనబడకపోతే సోమవారం పొద్దున్నే పాస్టరమ్మగారు మీ గుమ్మంలో ఉంటుంది.

అల్లుడు: అది ఒప్పుకుంటా. తప్పకుండా రావడం, రానివాణ్ని వెళ్లి కదిలించడం సంఘానికి బాగా తెలుసు. దాంతోపాటు బ్యానరు కట్టడం కూడా బాగా తెలుసు.

అత్త: బ్యానరు కడితే నీ సొమ్మేం పోయింది? కానుక వేసినవాళ్లకు తమ డబ్బు ఎటు పోయిందో తెలియొద్దా?

అల్లుడు: తెలియాలంటే లెక్కలు చదివి వినిపించు. పిల్లల హోముకు కూడా పంపుతానన్నావు కదా, ముందు ఆ చట్టం విను. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం, 74వ సెక్షను. సంరక్షణలో ఉన్న పిల్లల పేరూ, బడీ, ఫోటో, గుర్తుపట్టే ఏ వివరమూ బయటపెట్టకూడదు. పెడితే ఆరు నెలల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదంటే రెండూ. మన యవ్వనస్తులు ఆ పిల్లల చేత పాట పాడించి యూట్యూబులో పెట్టారనుకో, లైకులు మీకు, కేసు హోముకు. పదేళ్ల తర్వాత ఆ పిల్ల కాలేజీలో చేరితే ఎవడో వీడియో వెతికిపట్టి నువ్వు అనాథవటగా అని అడుగుతాడు.

అత్త: పిల్లల ఫోటోలు వద్దు, సరే.

అల్లుడు: పెద్దవాళ్లవీ వద్దు. ఆఖరికి మన వాలంటీర్లవీ వద్దు. ఎందుకంటే నీకు నచ్చకపోయినా చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ కింద లెక్కలోకి రాడు, ఈ రాష్ట్రంలో బీసీ-సి కిందికి పోతాడు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు. మనల్ని చేర్చలేదు. మన పేటలో ఎన్ని ఇళ్లలో పిల్లల చదువులూ ఉద్యోగాలూ ఆ ఒక్క కాగితం మీద నిలబడి ఉన్నాయో నాకంటే నీకే బాగా తెలుసు. సంఘం పేరున్న టీషర్టు తొడిగి, ఫోటో తీసి ఫేస్‌బుక్కులో పెడితే గిట్టనివాడు ఎవడో ఒకడు దాన్ని ప్రింటు తీసి కలెక్టరేటుకు పట్టుకెళ్తాడు. సేవకు వెళ్లిన కుర్రాడి సీటు పోతుంది.

అత్త: అంటే దొంగల్లా వెళ్లి దొంగల్లా రమ్మంటావా? ఆ ఉత్తర్వు అన్యాయం. దాని మీద కొట్లాడదామంటే ముందు వరసలో నేనుంటా. దానికి భయపడి నేనెవరో దాచుకోమంటే మాత్రం నావల్ల కాదు. కుడిచెయ్యి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదన్నది ప్రభువు మాటే కాబట్టి ఫోటోలు మానేస్తాం, టీషర్టులు కుట్టించం. ఎవరమ్మా నువ్వని మామ్మ అడిగితే మాత్రం ఫలానా సంఘమని చెప్పే తీరతా.

అల్లుడు: అడిగితే చెప్పు, ఎవరొద్దన్నారు? అడక్కపోయినా మీరు మొదలుపెట్టేది ప్రార్థన. నా అసలు గొడవ దాంతోనే.

అత్త: ముప్పై ఏళ్లు వార్డుల్లో తిరిగినదాన్ని. ఆపరేషను థియేటరులోకి తీసుకెళ్లే ముందు నా చెయ్యి పట్టుకుని ప్రార్థన చెయ్యమ్మా అని అడిగినవాళ్లలో మన వాళ్లెంతమందో, హిందువులూ సాయెబులూ అంతమంది. మనిషికి మందు ఒక్కటే చాలదురా. ఆ మాట నర్సుగా చెప్తున్నా.

అల్లుడు: వాళ్లు నిన్ను అడిగారు. మంచం దిగలేని మనిషి చుట్టూ ఎనిమిది మంది చేరి కళ్లు మూసుకుంటే ఆవిడ ఎక్కడికి పోవాలి? తలగడ కింద వెంకటేశ్వరస్వామి పటం పెట్టుకుని పడుకునే మామ్మ కూడా మీతో ఆమెన్ అంటుంది. పెట్టేది వీళ్లే, కాదంటే బాగోదన్న మొహమాటం అది. మీరు బయటికొచ్చాక, మామ్మ ఎంత భక్తిగా విందో అని సాక్ష్యం చెప్పుకుంటారు.

అత్త: మన ముత్తాతలు ఎలా మనుషులయ్యారో మర్చిపోయి మాట్లాడుతున్నావు. 1876 నుంచి 78 దాకా మహాకరువు. ఈ ఒంగోలు చుట్టుపక్కల జనం పిట్టల్లా రాలిపోయారు. మిషనరీ క్లౌ దొర ఊరికే గంజి పోయిస్తూ కూర్చోలేదు. బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, పలుగూ పారా చేతికిచ్చి, కూలి కట్టించాడు. బాప్తిస్మం ఇవ్వమని జనం వెంటపడితే, కరువు తీరేదాకా ఒక్కరికీ ఇవ్వనన్నాడు. తిండి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని పదిహేను నెలలు తలుపు మూసిపెట్టాడు. కరువు తేలిపోయి, పంచడానికి ఆయన దగ్గర ఏమీ మిగల్లేదని తెలిశాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. అదిరా మన పుట్టుక. బియ్యానికి అమ్ముడుపోయినవాళ్లం కాదు.

అల్లుడు: ఆ కథ నేనూ సండే స్కూల్లో చదివినవాణ్నే, పూర్తిగా చెప్పు. కాలవ పనిలో మేస్త్రీలు ఎవరు? ఆయన బోధకులే. పగలు తవ్వకం, పని ఆగిన వేళ వాక్యం. కూలి ఇచ్చే మనిషీ దేవుణ్ని చూపించే మనిషీ ఒకడే అయితే, విన్నవాడు దేన్ని నమ్మాడో ఎవరు తేల్చగలరు?

అత్త: ఆ అనుమానం ఆయనకూ ఉండబట్టేగా ఆగింది!

అల్లుడు: అక్కడికే వస్తున్నా. తన మనసు మంచిదని ఆయన తనను తాను నమ్ముకుని ఊరుకోలేదు. అన్నానికీ బాప్తిస్మానికీ మధ్య కాలాన్ని అడ్డం పెట్టాడు. ఆయన పాటించిన ఎడం పదిహేను నెలలు. మనవాళ్లు పదిహేను నిమిషాలైనా ఆగరు, వాక్యం అయ్యాకే బిర్యానీ పొట్లాలు విప్పుతారు. అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్‌ను చూడు. జెస్యూట్‌గా ఈ దేశం వచ్చి, 1969లో ఆర్డీటీ అనే సేవాసంస్థ మొదలుపెట్టి, ఆ తర్వాత జెస్యూట్ సభ నుంచి బయటపడ్డాడు. ఆ ఎండిన నేలలో బడులూ ఆసుపత్రులూ ఇళ్లూ కట్టించాడు, ఎవరినీ మతం మారమనలేదు. సేవకు చర్చి అక్కర్లేదని ఆయన బతుకే చెప్తుంది.

అత్త: ఆయనంతటివాడు వందేళ్లకొకడు పుడతాడు. అలాంటివాడికి సంఘం అక్కర్లేకపోవచ్చు. మిగతావాళ్లం మామూలు మనుషులం. పొద్దున్నే లేచి ఎవరి ఒళ్లో తుడవాలంటే బద్ధకిస్తాం, రెండోవారం ఏదో ఒక వంక వెతుక్కుంటాం. ఆ బద్ధకాన్ని వదిలించడానికే సంఘం. ప్రార్థన సంగతి ఇలా తేల్చుకుందాం. అడిగినవాళ్లకు చేస్తాం, అదీ ఒక్కరే పక్కన కూర్చుని. అన్నం పెట్టిన పూట చెయ్యం. అడిగినవాళ్లకు కూడా చెయ్యొద్దని నువ్వు గేటు దగ్గర బోర్డు పెడితే ఒప్పుకోను. చచ్చిపోయే ముందు ప్రార్థన కావాలన్న మనిషి నోరు నొక్కడానికి నువ్వెవరు?

అల్లుడు: నేను నొక్కను. అడిగింది నిజంగా ఆవిడేనని నాకు తెలిస్తే చాలు. అసలు చిక్కంతా ఇదే అత్తా. ఏ రోజు రావాలో, ఏం తేవాలో, ఏం చెయ్యాలో అంతా మీరే అనుకుంటారు. అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయం తియ్యి. మొదటి సంఘంలో రోజూ విధవరాళ్లకు భోజనం పంచేవాళ్లు. గ్రీకు మాట్లాడే విధవరాళ్లకు సరిగ్గా అందట్లేదని సణుగుడు మొదలైంది. అపొస్తలులు ఏం చేశారు? సణిగినవాళ్లను గద్దించారా? ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు... ఏడుగురివీ గ్రీకు పేర్లే. అందట్లేదని గోల చేసినవాళ్ల వైపు మనుషులకే గరిటె అప్పగించారు. మీ ఔట్‌రీచ్ కమిటీలో గరిటె ఎవరి చేతిలో ఉంది? డీకన్లూ, పాస్టరుగారూ, నువ్వూ.

అత్త: బాగా చదివావు. మరి మీ ట్రస్టు బోర్డులో ఎంతమంది మామ్మలున్నారు?

అల్లుడు: ...

అత్త: ఒక్కరూ లేరు. ఉన్నది ఇద్దరు ఆడిటర్లు, ఒక రైసుమిల్లు ఆయన, ఒక డాక్టరు. నువ్వు మమ్మల్ని అడిగే ప్రశ్నే నిన్నూ అడుగుతున్నా. ఇంకోటి విను. మీరు చూసిపోయేవాళ్లంటున్నారే, ఆ చూపులు కూడా కావాలి. మంచాన పడ్డ మనిషికి రెండు గంటలకోసారి పక్క మార్చాలి. మార్చకపోతే తుంటి మీద, నడుము కింద, మడమల మీద చర్మం ముందు ఎర్రబడుతుంది, తర్వాత పుండవుతుంది. ఎర్రగా ఉన్నప్పుడు చూస్తే దిండు పెట్టి ఆపొచ్చు, పుండయ్యాక నెలలు పడుతుంది. రాత్రి ఇరవై మందికి ఒక్క ఆయా ఉన్న చోట ఎవరు చూస్తారు? బయటివాళ్లు రాని ఆశ్రమమంటేనే నాకు భయం. గేటు మూసుకున్న చోట ఎంత మంచివాళ్లకైనా చెయ్యి మొద్దుబారుతుంది. వారానికి రెండుసార్లు ఒక రిటైర్డు నర్సు వచ్చి దుప్పటి ఎత్తి మడమలు చూస్తుందని తెలిస్తే ఆయా కూడా జాగ్రత్తగా ఉంటుంది.

అల్లుడు: తనిఖీకి వస్తానంటున్నావా, సేవకు వస్తానంటున్నావా?

అత్త: రెంటికీ. లెక్కలు కూడా చూస్తా. నువ్వు ఆరో అధ్యాయం చెప్పావు, నేను రెండో కొరింథీ ఎనిమిదో అధ్యాయం చెప్తా. యెరూషలేము పేదల కోసం పోగైన చందాను పౌలు ఒక్కడే మోసుకుపోలేదు. తీతునూ, సంఘాలు ఎన్నుకున్న సహోదరుణ్నీ తోడు పెట్టాడు, డబ్బు విషయంలో ఎవరూ వేలెత్తి చూపకూడదని. అపొస్తలుడికే తోడు కావాల్సి వస్తే, మీ ట్రస్టుకు వద్దా?

అల్లుడు: చూసుకో. చూస్తే మా గతేమిటో నీకే తెలుస్తుంది. ఒకప్పుడు విదేశాల నుంచి పెద్ద సంస్థలకు వచ్చిన డబ్బులో కొంత మాలాంటి చిన్న చోట్లకు దిగేది. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించారు. అందుకున్న సంస్థే ఖర్చు పెట్టాలి, ఇంకో సంస్థకు ఇవ్వకూడదన్నారు. పరిపాలన ఖర్చు హద్దు 50 శాతం నుంచి 20 శాతానికి దింపారు. ఖాతా ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోనే తెరవాలన్నారు. పైనుంచి కాలవ కట్టేశాక చివరి పొలాలకు నీళ్లెక్కడివి? ఇప్పుడు మేం ఊరి డబ్బు మీదే బతకాలి.

అత్త: ఊరి డబ్బు కావాలంటే ఊరి కళ్లను భరించాలి.

అల్లుడు: భరిస్తాం. కానీ ఇంకో మాట అడగనీ. ముసలివాళ్లను చూసుకోవాల్సింది సర్కారు. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, 150 మందికి సరిపడేది, పెట్టవచ్చని అందులో రాశారు. ‘పెట్టాలి’ అని రాయలేదు, ‘వచ్చు’ దగ్గర ఆపారు. మనలాంటివాళ్లు దుప్పట్లు పంచుతున్నంతకాలం ఆ ‘వచ్చు’ అలాగే ఉండిపోతుంది. కలెక్టరాఫీసు ముందు కూర్చోవాల్సిన జనాన్ని సంఘం కేకుల దగ్గర కూర్చోబెడుతోంది.

అత్త: ధర్నాకు పోయినవాళ్లు తిరిగొచ్చేదాకా మామ్మకు స్నానం ఎవరు చేయిస్తారు?

అల్లుడు: స్నానం నేను చేయిస్తా. నాకు చేతకానిది, మీకు చేతనైనది ఒకటుంది, అది అడుగుతున్నా. అదే చట్టంలో కన్నబిడ్డలు చూడకపోతే ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు, నెలకు 10,000 దాకా భరణం ఇప్పించవచ్చు. పెద్దవాళ్లు తాము వెళ్లలేకపోతే, తాము అధికారమిచ్చిన మనిషి గానీ సంస్థ గానీ వాళ్ల తరఫున పెట్టొచ్చు. మా దగ్గర ఎంతమందికి ఆ సంగతి తెలుసు? పింఛను నెలకు 4,000 చేశారు, వేళ్లు అరిగిపోయిన మామ్మకు వేలిముద్ర పడదు. వికలాంగుల సర్టిఫికెట్టుకు సదరం స్లాటు బుక్ చెయ్యాలి, ఆ రోజు ఆటోలో ఎక్కించి తీసుకెళ్లాలి, మధ్యాహ్నం దాకా వరసలో నిలబడాలి. మా సంఘంలో పాటలు పాడేవాళ్లున్నారని చెప్పకు. రిటైరైన టీచర్లు, తాలూకా ఆఫీసులో చేసినవాళ్లు, సచివాలయంలో పనిచేసే పిల్లలు ఎంతమంది ఉన్నారో లెక్క రాయి.

అత్త: వరస పెడితే బెంచీలన్నీ వాళ్లే. మా కార్యక్రమాల్లో వాళ్ల పేరెత్తినవాళ్లే లేరు. పాటా వాక్యమూ రాకపోతే సేవకు పనికిరారన్నట్టే అనుకుంటాం. ఈ మాట నాకు పనికొస్తుంది, రాసుకుంటా. ప్రతి మామ్మకూ ఒకరు చొప్పున, ఏడాదంతా అదే మనిషి. ఆధారు, బ్యాంకు పుస్తకం, పింఛను, మందుల చీటీ అన్నీ ఆ మనిషికి తెలిసుండాలి.

అల్లుడు: అలా అయితే ఔట్‌రీచ్ అని పేరు పెట్టాల్సిన పనే లేదు. ఎవరికి వాళ్లు రావచ్చు, సంఘం ఎందుకు మధ్యలో?

అత్త: ఎందుకో చెప్తా, కోపం తెచ్చుకోకుండా విను. ఈ ఊళ్లో మనవాళ్లు ఎప్పుడూ పుచ్చుకునే వరసలోనే ఉన్నారు. కరువులో దొరల దగ్గర, తుఫానులో సర్కారు దగ్గర, ఎలక్షనులో పార్టీల దగ్గర. పెద్దిళ్లలో పెళ్లయితే మా అమ్మమ్మ వెనక గుమ్మం దగ్గర తపేలా పట్టుకుని నిలబడేది. అందరూ తిన్నాక, మిగిలితే, ఎత్తు మీంచి పోసేవాళ్లు. అన్నదానం అంటే ఈ రాష్ట్రంలో ఎవరి పేరు చెప్తారు? డొక్కా సీతమ్మగారు, గోదావరి లంకల్లో వేళకాని వేళలో వచ్చినవాళ్లకు కూడా పొయ్యి రాజేసిన మహాతల్లి. బడి భోజనానికి ఆమె పేరు పెట్టారు, పెట్టాల్సిందే. మన పేటలో కూడా తన ముద్ద ఇంకొకరికి పెట్టిన ఆడవాళ్లున్నారు, వాళ్లను దాతలని ఎవరూ అనలేదు. మీ ఆశ్రమంలో ఒకప్పుడు మన చేతి నీళ్లు ముట్టని ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు లేరా? ఇవాళ నేను అన్నం కలిపి పెడితే ఆవిడ తింటుంది. నాకు అది సువార్త. ఒక్కదాన్నే వస్తే రిటైర్డు నర్సు వచ్చిందంటారు. సంఘంగా వస్తే, పేట పెట్టడానికి వచ్చిందంటారు.

అల్లుడు: నీకు సువార్తే. ఆవిడకు? వేరే దిక్కు లేక తింటోందేమో. మీ అమ్మమ్మ వెనక గుమ్మం దగ్గర వేరే దిక్కు లేకనే కదా తపేలా పట్టింది! మన గౌరవం ఆవిడ మంచం దగ్గర వసూలు చేసుకుంటే, పోసేవాళ్లు మారారు, గుమ్మం మారలేదు.

అత్త: గట్టిగానే అన్నావు. కొంత నిజం ఉంది కూడా. ఒక్క తేడా చెప్పనా? ఆ గుమ్మం దగ్గర మా అమ్మమ్మ పులుసులో ఉప్పెక్కువైందని అనడానికి వీల్లేదు. అంటే మళ్లీ పోసేవాళ్లు కాదు. మీ మామ్మ నా మొహం మీదే ఉప్పెక్కువైంది, నువ్వు రావద్దు, ఇంకొకర్ని పంపమని అనగలగాలి. అన్న తర్వాత కూడా మర్నాడు అన్నం రావాలి. తిట్టినా కూడు ఆగకపోతే అది భిక్ష కాదు. నువ్వు చెప్పిన ఆరో అధ్యాయం మొదలైంది కూడా సణుగుడుతోనేగా! సణగడానికి వీలున్న చోటే అందరికీ సమంగా అందుతుంది.

అల్లుడు: ఇది ఒప్పుకుంటా. సణుగుడు ఎవరు వింటారు? నాకు చెప్పడానికి వాళ్లకు భయం. నీకు చెప్పడానికి మొహమాటం.

అత్త: మీవాళ్లూ మావాళ్లూ కాని మనిషి నెలకోసారి వచ్చి మంచం మంచానికీ తిరిగి అడగాలి. రాయలేనివాళ్ల మాట ఆ మనిషే రాసుకోవాలి. ఆ కాగితం మీ బోర్డుకొకటి, మా కమిటీకొకటి.

అల్లుడు: సరే. అయితే నా వైపు నుంచి ఒక షరతు. వచ్చేవాళ్లు మొదటి మూడు నెలలు కష్టమైన పనే చెయ్యాలి. కబుర్లు చెప్పడం, గోళ్లు కత్తిరించడం తర్వాత. ముందు బాత్‌రూములు కడగాలి, మలం బట్టలు ఉతకాలి. అక్కడ నిలబడ్డవాళ్లే నిలబడతారు.

అత్త: అది మాత్రం ఒప్పుకోను.

అల్లుడు: చూశావా! ప్రభువు శిష్యుల కాళ్లు కడిగాడని ప్రసంగాలు చెప్తారు, మామ్మ బాత్‌రూము దగ్గరికి వచ్చేసరికి...

అత్త: ఆగు. నా చేతులతో ఎన్ని మలం బట్టలు తీశానో నీకు చెప్పాల్సిన పనిలేదు, ఇప్పుడూ తీస్తా. అసహ్యించుకుని అనట్లేదు. మీ ఆశ్రమంలో బాత్‌రూములు కడిగే అమ్మాయి ఎవరు? మన పేట పిల్లే. నెలనెలా జీతం తీసుకుంటుంది. మావాళ్లు ఉచితంగా వచ్చి ఆ పని చేస్తే, మూడో నెల మీ బోర్డు ఆ అమ్మాయిని మానిపించదని నువ్వు హామీ ఇవ్వగలవా? తరతరాలు ఊరి దొడ్లు కడిగించుకున్నది చాలక, ఇప్పుడు దేవుడి పేరు చెప్పి ఊరికే కడిగించుకుంటారా? ఆ పనికి మనిషిని పెట్టు, సరైన జీతమివ్వు. మావాళ్లు ఆ అమ్మాయి పక్కన నిలబడి సాయం చేస్తారు గానీ ఆమె పొట్ట కొట్టరు.

అల్లుడు: జీతానికి డబ్బేది?

అత్త: దుప్పట్ల డబ్బు. డిసెంబరులో స్త్రీల సమాజం, యవ్వనస్తులు, సండే స్కూలు కలిపి పెట్టేదంతా పోగేస్తే ఒక ఆయాకు ఏడాదిలో కొన్ని నెలల జీతం వస్తుంది. మిగతా సంఘాలు కూడా కలిస్తే రాత్రి డ్యూటీకి ఇంకో ఆయాను పెట్టొచ్చు.

అల్లుడు: దుప్పటి ఇస్తే కప్పేటప్పుడు ఫోటో వస్తుంది. ఆయా జీతానికి ఏ ఫోటో వస్తుంది? మన సంఘం ఇస్తుందంటే నేను నమ్మను.

అత్త: ఆదివారం కమిటీలో అడుగుతా. ఇవ్వమంటే, ఇన్నాళ్లూ మేం చేసింది మా ముచ్చట కోసమేనని నువ్వన్న మాట ఒప్పుకుంటా. ఇస్తామంటే, మీ బోర్డులో ఒక మామ్మకు కుర్చీ వెయ్యాలి.

అల్లుడు: బోర్డు నా చేతిలో ఉందా అత్తా?

అత్త: సంఘం నా చేతిలో ఉందా? మీ మీటింగు శుక్రవారమేగా. ముందు నువ్వే అడుగు, ఏమన్నారో విని నేను ఆదివారం అడుగుతా. ఆ మామ్మను ఎంచే అధికారం మాత్రం నీకూ నాకూ లేదు, మంచాల మీదున్నవాళ్లే ఎంచుకోవాలి.